ఇంకో తోవ మధుకర్

మధుకర్ ఏ ఇంటికి వెళ్లినా మంచినీళ్లు అడగడు. ఈ ఇంటికి ఇంకో తోవ ఉన్నదా అని అడుగుతాడు. ఉంది అంటే వెళ్లి చూసి వస్తాడు. దానికి తాళం ఉందో లేదో చూస్తాడు. తాళం లేకపోతే ఒక నిట్టూర్పు విడుస్తాడు. అసలు ఇంకో తోవే లేకపోతే ఆ ఇంట్లో చాయ కూడా సగమే తాగి లేస్తాడు. జగిత్యాలలో ఆయన ఇంటిపేరు తెలిసినవాళ్లు తక్కువ. ఇంకో తోవ మధుకర్ అంటే అందరికీ తెలుసు.

ఆయన మరదలు శ్రీవాణికి ఈ సంగతి అక్క పెళ్లిచూపుల నాడే తెలిసింది. అప్పుడామె కోరుట్లలో తొమ్మిదో తరగతి చదువుతోంది. సిరిసిల్ల నుంచి పెళ్లికొడుకు వాళ్లు వచ్చారు. నేత పని ఇళ్లు కాబట్టి పెద్దలు చాప మీద కూర్చుని ఎవరి మరమగ్గాల సాంచలు నడుస్తున్నాయి, ఎవరివి ఆగిపోయాయి అని మాట్లాడుకుంటున్నారు. మధ్యలో పెళ్లికొడుకు లేచి లోపలికి నడిచాడు. వంటింట్లో అక్క రత్నమాల చాయ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్లికొడుకు ఆమెను దాటుకుని పోయి, వెనక తలుపు గడియ లాగి చూసి, మళ్లీ ఆమెను దాటుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"పిల్లను చూడొచ్చినవా, ఇల్లు కొననొచ్చినవా?" అని పిల్ల తండ్రి వెంకటేశం అడిగాడు.

"గడియ లూజున్నది మామ," అన్నాడు మధుకర్.

అప్పటికి సంబంధం మాట ఎవరూ ఎత్తలేదు. మామ అనే పిలుపు ముందే వచ్చేసింది. ఇక చేసేదేమీ లేక ముహూర్తం చూశారు.

పెళ్లయ్యాక జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. నైరుతి మూల తలుపు పెట్టొద్దని వాస్తు చూసే ఆయన చెప్పాడు. పెడితే ఏమవుతుందని మధుకర్ అడిగాడు. ఇంట్లో ఉన్నది బయటికి పోతుందన్నాడు ఆయన. బయటికి పోవడానికే కదా పెట్టేది అన్నాడు మధుకర్. పెట్టాడు. ముందు తలుపు తాళానికి రెండింతలున్న తాళం దానికి వేశాడు. ముందు తలుపును వాడకట్టంతా చూస్తుంది, కాబట్టి వాడకట్టే దాన్ని కాపాడుతుంది. వెనక తలుపును ఎవరూ చూడరు, కాబట్టి దానికే పెద్ద తాళం కావాలి. ఇది ఆయన సిద్ధాంతం. వాడకట్టు సిద్ధాంతం వేరు. అంత తాళం వేశాడంటే ఆ తలుపున్న గదిలో బంగారం ఉందని వాళ్లనుకున్నారు.

అలా అనుకున్నవాళ్లలో ఒక దొంగ కూడా ఉన్నాడు. ఇంటిల్లిపాదీ ఊరికి పోయి వచ్చేసరికి వెనక తాళంలో ఒక ఇనుప చువ్వ ఇరుక్కుని ఉంది. దొంగ దాన్ని తిప్పి, వంచి, చెమటోడ్చి, చివరికి చువ్వను తాళానికే వదిలేసి పోయాడు. మధుకర్ పక్కిళ్ల వాళ్లను పిలిచి చూపించాడు.

"చూసిన్రా. దొంగ సుత ఒప్పుకున్నడు."

రత్నమాల ముందు వాకిట్లో నిలబడి ఉంది.

"దొంగ సంగతి సరే. ముందు తలుపుకు నువ్వు తాళమే ఎయ్యలే," అంది.

నిజమే. తలుపు బార్లా తెరిచి ఉంది. దొంగకు అటు చూడాలని కూడా తోచలేదు.

భార్యాభర్తలన్నాక మాటలు ఆగిపోయే రోజులుంటాయి. అలాంటి రోజుల్లో మధుకర్ పెరట్లో గోడ దగ్గరికి పోయేవాడు. గోడ అవతల బుచ్చవ్వ ఉంటుంది. రత్నమాల ఇంట్లో మూగదైనా బుచ్చవ్వతో మాట్లాడుతుంది. కోపం ఎంతవరకు దిగింది, సాయంత్రం అన్నం దొరుకుతుందా అన్న వివరాలు ఆ తోవన వచ్చేవి. కొన్నాళ్లకు రత్నమాల ఈ తోవను కనిపెట్టింది. మూయలేదు, తాళం మార్చింది. తన తప్పేమిటో ఆయన సరిగ్గా చెబితేనే జవాబివ్వమని బుచ్చవ్వతో అంది. మధుకర్ గోడ పట్టుకుని ఒక్కొక్క తప్పే ఒప్పుకోసాగాడు. బుచ్చవ్వ ఒక్కొక్కదానికీ తల అడ్డంగా ఊపింది. అసలు తప్పు దగ్గరికి చేరేలోపు రత్నమాలకు అంతవరకు తెలియని తప్పులు బోలెడు బయటపడ్డాయి. ఆ విడత మాటలు దసరాకు గాని రాలేదు. ఇదేం తెలివి బావా అని శ్రీవాణి వెక్కిరిస్తే, మీ అక్క తాళం మంచిది పెట్టింది అని మెచ్చుకున్నాడు.

తోవ ఉంటే చాలదు, అప్పుడప్పుడు నడవాలి అనేది రెండో సిద్ధాంతం. నడవని తోవలో తుమ్మలు మొలుస్తాయట. అందుకని సిరిసిల్లలో ఉన్న తండ్రి దగ్గరికి వేములవాడ మీదుగా పోతే, కరీంనగర్ చుట్టు తిరిగి వస్తాడు. జగిత్యాల నుంచి కోరుట్లకు మంచి రోడ్డుంది. ఒకసారి అత్తవారి వైపు పెళ్లికి పోతూ ఆ మంచి రోడ్డు వదిలి, మేడిపల్లి దిక్కున పొలాల్లోకి కారు తిప్పాడు. ఈ తోవ పరీక్ష చేసి చానా రోజులైంది అన్నాడు. పరీక్షలో తోవ నెగ్గింది. కారు బురదలో దిగింది. వీళ్లు చేరేసరికి పెళ్లికొడుకు బట్టలు మార్చుకుని టీవీలో క్రికెట్ చూస్తున్నాడు.

ఇక పాస్‌వర్డ్‌ల సంగతి. ఏ మిషన్ అయినా కంపెనీ నుంచి వచ్చేటప్పుడే దానికి ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. అలాంటి మిషన్లన్నింటికీ ఎక్కడైనా అదే. దాన్ని మార్చకుండా వాడేవాళ్లను మధుకర్, బిడ్డ పుట్టి ఇరవై ఒకటో రోజు దాటినా పేరు పెట్టని తల్లిదండ్రులను చూసినట్టు చూస్తాడు. ఒక ఫంక్షన్ హాల్లో భోజనం మధ్యలో లేచి, మేనేజర్‌ను వెతికి పట్టుకుని, వై-ఫై డబ్బాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టించి వచ్చాడు. తిరిగి వచ్చేసరికి విస్తరి ఎత్తేశారు. పైగా హాల్లో నెట్ ఆగిపోయి, ఫోన్లలో పెళ్లి చూస్తున్న దుబాయి చుట్టాలకు తాళి కట్టే ఘట్టం కనిపించలేదు. తాళి కట్టిన మాట నిజమేనా అని వాళ్లు చాలా రోజులు ఫోన్లు చేసి అడిగారు.

ఆయన నౌకరీ కూడా ఇంకో తోవదే. ఊరి నడుమ టవర్ దగ్గర, ఎరువుల దుకాణం పైన శ్రీహరి అనే ఆయన ఒక ఆఫీసు నడుపుతున్నాడు. ఆసుపత్రులు, కాలేజీలు, విత్తనాల కంపెనీలు తమ సర్వర్లను చూసుకోమని ఈ ఆఫీసుకు అప్పగిస్తాయి. సర్వర్లు హైదరాబాద్ అవతల ఒక డేటా సెంటర్‌లో, చల్లటి గదుల్లో, తాళాల వెనక ఉంటాయి. వీళ్లు జగిత్యాలలో కూర్చుని వాటిని నడపాలి. ఆఫీసులో ఎవరూ వాటిని కళ్లతో చూసింది లేదు. దేవుళ్లలాగే ఫోటోల్లో చూశారు.

నీ నౌకరీ ఏమిటి అల్లుడా అని అత్త సత్యవ్వ ఒకసారి అడిగింది. కంప్యూటర్ పని అంటే ఆమె ఒప్పుకోలేదు. అందరూ అదే చెబుతున్నారు, సంగతేమిటో చెప్పమంది.

"ఒక ఇంట్ల పెద్దమనిషి పండుకున్నడు అత్తమ్మ. ఎంత పిలిచినా లేస్తలేడు. తలుపు లోపట్నుంచి గడియ. గాయన పక్కల ఒక పసిపోరడున్నడు. వాడు రాత్రిపగలు నిద్రపోడు. వాని దగ్గర వేరే ఫోనున్నది. మనం వానికి ఫోన్ చేసి, తాతను గిల్లురా అని చెప్తం. గిల్లితె లేస్తడు."

సత్యవ్వ బీడీ చుడుతున్న చెయ్యి ఆపింది.

"మరి గా పోరన్ని ఎవడన్న తన దిక్కు మల్పుకుంటే?"

మధుకర్ ఆమె వైపు భక్తిగా చూశాడు. ఆఫీసులో ఇన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"గదే అత్తమ్మ నా నౌకరి. గా పోరన్ని కాపాడుడు."

ప్రతి సర్వర్ లోపలా నిజంగానే అలాంటి పోరడు ఒకడుంటాడు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. పెద్దది ఆగిపోయినా అది మేలుకునే ఉంటుంది. దానికి తన సొంత తీగ, సొంత లైను. పెద్ద సర్వర్‌కు పోయే అన్ని దారులూ మూసుకుపోయినా ఆ లైను మీద పోయి, ఎదురుగా కూర్చున్నట్టే దాని తెర చూడొచ్చు, దాన్ని ఆపొచ్చు, లేపొచ్చు. సాయం ఎంత పెద్దదో ముప్పూ అంతే పెద్దది. ఆ చిన్నదాన్ని లొంగదీసుకున్నవాడు పెద్దదాని నెత్తి మీద కూర్చుంటాడు. అందుకని మధుకర్ దానికి తాళం మీద తాళం వేశాడు. ఆఫీసులో దాన్ని వెనక తోవ అంటారు. నెలకోసారో రెండుసార్లో మధుకర్ దాన్ని పరీక్ష చేస్తాడు. అప్పుడు ఏదో ఒక సర్వర్ కాసేపు ఆగుతుంది. ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు. పరీక్ష చేసిన అంటాడు మధుకర్. శ్రీహరి కూడా తిడతాడు. తుమ్మలు మొలుస్తాయి సార్ అంటాడు మధుకర్.

శ్రీవాణి చదువు అయిపోయి ఇదే ఆఫీసులో చేరింది. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వస్తుంది. బావను ఎగతాళి చేయడంలో ఆఫీసు మొత్తానికి ఆమెదే ముందు నడక. పనిలోనూ చురుకే. మూడు ఊళ్లలో శాఖలున్న ఒక కంటి ఆసుపత్రి సర్వర్లన్నీ వచ్చే నెల నుంచి ఆమెకే అప్పగిస్తానని శ్రీహరి మాటిచ్చాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మూడు చోట్లా ఇక ఆమె మాటే. సత్యవ్వ ఆ రోజే వాడకట్టులో జిలేబీలు పంచింది. మా బిడ్డ ఇగ కండ్ల దవాఖానకు పెద్ద అని చెప్పుకుంది. డాక్టరైందా అని ఎవరో అడిగితే, గంతకన్న ఎక్కువనే అంది.

అప్పగించే ముందు ఆసుపత్రి వాళ్లు భద్రత చూసి రమ్మని హైదరాబాద్ నుంచి శైలజ అనే ఆవిడను పంపారు. శైలజ తక్కువ మాట్లాడుతుంది. వచ్చిన రోజే వెనక తోవ మీద ఆమె కన్ను పడింది. ఇలాంటి తోవల్లోంచే ఎక్కువగా దొంగలు వస్తారు అంది. ఆ తాళాలు తీయడానికి ఒక రోజంతా కూర్చుంది. మధుకర్ ఆమెను కొత్త అల్లుణ్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఇన్నాళ్లకు తన తాళాన్ని పట్టించుకునే మనిషి దొరికింది. చాయ పెట్టించాడు, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. ఆమె అలసిపోతే, మీరు ఫలానా రకంగ చూడలేదు మేడం, గది సుత చూడుండ్రి అని ఉత్సాహపరిచాడు. ఏ రకంగానూ తెరుచుకోలేదు.

తాళం బాగుంది అంది శైలజ చివరికి. కానీ అవసరం లేని తలుపుకు ఎంత మంచి తాళమైనా దండగే, గోడ కట్టేయడం మేలు అంది. ఈ తోవన ఎవరెవరు పోయారని రికార్డు తీసి చూసింది. అన్నిచోట్లా మధుకర్ పేరే. మిగతా ఎవరికీ దీనితో పని లేదా అని అడిగింది. అందరూ తమ తెరల వైపు తిరిగారు. మరి మీరెందుకు పోతారు అని మధుకర్‌ను అడిగింది.

"అప్పుడప్పుడు పోయొస్త మేడం. పరీక్షకు."

"తీసేస్తే బావకు నడువనీకె జాగ ఉండదు," అంది శ్రీవాణి. అందరూ నవ్వారు. మధుకర్ కూడా నవ్వాడు. తీసేయాలా ఉంచాలా అన్నది శుక్రవారం తేలుద్దామన్నాడు శ్రీహరి.

బుధవారం పొద్దున శైలజ, శ్రీహరి కలిసి సిరిసిల్ల శాఖను చూడడానికి పోయారు. పోతూ శైలజ ఒక పని చెప్పింది. ఆసుపత్రి సర్వర్ చుట్టూ ఒక కాపలా గోడ ఉంటుంది. లోపలికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అని దానికి చెబుతారు. ఆ గోడ వదులుగా ఉంది, బిగించమని శ్రీవాణికి చెప్పింది.

శ్రీవాణి కూర్చుంది. ఎవరినీ రానివ్వకు అన్నది మొదటి ఆజ్ఞ. మా ఆఫీసు వాళ్లను, ఆసుపత్రి వాళ్లను మాత్రం రానివ్వు అన్నది రెండోది. మొదటిది రాసి, నొక్కింది.

సర్వర్ బుద్ధిగా విన్నది. ఎవరినీ రానివ్వలేదు. శ్రీవాణిని కూడా బయట పెట్టింది. రెండో ఆజ్ఞ చెప్పాలంటే లోపలికి పోవాలి. లోపలికి పోవాలంటే రెండో ఆజ్ఞ అప్పటికే చెప్పి ఉండాలి.

మూడు ఊళ్లలో ఆసుపత్రి తెరలు ఆగిపోయాయి. కళ్లలో చుక్కల మందు వేసుకున్నవాళ్లు కళ్లు మూసుకుని, తమ పేరు పిలుస్తారని బెంచీల మీద వరసగా కూర్చున్నారు. ఆ పేర్లు సర్వర్‌లో ఉన్నాయి. సిరిసిల్లలో ఆ బెంచీల పక్కనే శైలజ, శ్రీహరి నిలబడి ఉన్నారు. హైదరాబాద్‌కు మనిషిని పంపి డేటా సెంటర్‌లో ఆ గోడ తీయించాలంటే సాయంత్రం అవుతుంది. ఆ లోపు ఎవరి చేతి చలవో అందరికీ తెలుస్తుంది. సత్యవ్వ జిలేబీలు తిన్నవాళ్లతో సహా.

శ్రీవాణి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధుకర్ తల తిప్పి ఆమెను చూశాడు. ఏమైందని అడగలేదు. ఆఫీసులో అందరికంటే పెద్దవాడైన అంజయ్యను కిందికి పోయి చాయ చెప్పి రమ్మన్నాడు. తన పనిలో తప్పే దొరకదని చెప్పుకునే చందును ఎరువుల దుకాణంలో కరెంటుందో లేదో చూసి రమ్మన్నాడు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. మధుకర్ చెప్పే పనుల్లో అర్థం వెతకడం ఆఫీసులో ఎప్పుడో మానేశారు. ఇద్దరూ పోయారు.

"గీ కుర్చీల కూసో. గాలి మంచిగొస్తది," అన్నాడు మధుకర్.

తన తాళాలు ఒక్కొక్కటే తీశాడు. ఒక పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చిన అంకెలు, ఇంకో పాస్‌వర్డ్. తెర మీద సర్వర్ కనిపించింది, ఎదురుగా ఉన్నట్టే. లేచి కుర్చీ ఆమెకిచ్చి, తను స్టూలు మీద కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను బయటికి చూస్తున్న. నువ్వు నీ పని చేస్కో."

శ్రీవాణి రెండో ఆజ్ఞ రాసింది. రెండుసార్లు చదివింది. నొక్కింది. మూడు ఊళ్లలో పేర్లు పిలవడం మొదలైంది. మధుకర్ ఇటు తిరిగి తాళాలన్నీ మళ్లీ వేసేశాడు. అంతలో శ్రీహరి ఫోన్. ఏమైందని అడుగుతున్నాడు.

"ఎనుక తోవ పరీక్ష చేసిన సార్. జరసేపు ఆగింది," అన్నాడు మధుకర్.

హైదరాబాద్ మేడం పక్కన నిలబడి ఉండగా ఇదేం పరీక్ష అని శ్రీహరి తిట్టడం శ్రీవాణికి కూడా వినిపించింది. మధుకర్ ఫోన్‌ను చెవికి కాస్త దూరంగా పట్టుకుని, మధ్య మధ్యలో సరే సార్ అంటూ చివరి దాకా విన్నాడు.

"నీ మీదెందుకు ఏసుకున్నవు బావ?"

"నాకు అలవాటే గదా. నీకు కొత్త."

"ఇంతకుముందు ఎవలన్న గిట్ల చేసిన్రా?"

మధుకర్ కిటికీలోంచి చూశాడు. ఎన్నో పాస్‌వర్డ్‌లను ఎక్కడా రాసుకోకుండా తలలో పెట్టుకున్న మనిషి.

"యాదికి లేదు," అన్నాడు.

మరునాడు శ్రీవాణి బస్సులో కిటికీ పక్కన కూర్చుని రెండు వైపులా ఆలోచించింది. నోరు మూసుకుంటే ఆసుపత్రి తనది. నోరు తెరిస్తే కాదు. నోరు మూసుకోవడమే తేలిక అనిపించింది. బావ కూడా అదే కోరుకుంటున్నాడు కదా.

శుక్రవారం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. శైలజ మాట పెంచలేదు. ఈ తోవతో ఎవరికీ పని లేదు, పైగా బుధవారం దీని వల్లే ఆసుపత్రి ఆగింది, తీసేద్దాం అంది. శ్రీహరి మధుకర్ వైపు చూశాడు. ఇది ఎందుకు కావాలో చెప్పు, చెబితే ఉంచుదాం అన్నాడు. అందులో కోపం కంటే బతిమాలుడు ఎక్కువుంది.

మధుకర్ ఒక్క మాట అంటే చాలు. బుధవారం నేను కాదు అంటే చాలు. ఆయన బల్ల మీద వేలితో ఏదో గీసుకున్నాడు.

"తీసేసుడే మంచిదంటె తీసెయ్యుండ్రి సార్," అన్నాడు.

ఏ ఇంటికి పోయినా వెనక తలుపు వెతికే మనిషి, భార్యతో నెలల తరబడి మాటలు పోగొట్టుకున్నా ఆ పిచ్చి వదలని మనిషి, ఆ తోవను అంత మెల్లగా వదిలేశాడు. మరదలి పేరు చెప్పడం కంటే అది తేలికైంది. శ్రీవాణి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"బుధవారం ఆపింది బావ గాదు మేడం. నేను. అందర్నీ బయటపెట్టి, నేను సుత బయటపడ్డ. బావ ఎనుక తోవ తీసిస్తే లోపటికి పోయి సరిచేసిన. గది లేకుంటె మీరు సిరిసిల్లల సాయంత్రం దాక నిలబడుతుంటిరి."

జిలేబీలు పోయాయి అనుకుంది శ్రీవాణి. అప్పుడు అంజయ్య దగ్గాడు.

"నేను సుత," అన్నాడు. "కాలేజీ సర్వర్. వేరేదనుకోని దాని నెట్ తీగనే బంద్ చేసిన."

"ఎప్పుడు అన్నా?" అన్నాడు చందు.

"నిరుడు. మధుకర్ పరీక్ష చేసిండు అనుకున్నరు చూడు. గప్పుడు."

చందు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"విత్తనాల కంపెనీది," అన్నాడు. "మల్ల మొదలువెట్టు అని నొక్కబోయి, ఆపు అని నొక్కిన. గా పరీక్ష నాది."

"మరి మన ముగ్గురియి పోంగ మిగిలిన పరీక్షలు ఎవలియి?" అన్నాడు అంజయ్య.

అందరూ శ్రీహరి వైపు చూశారు. ఎందుకు చూశారో వాళ్లకూ తెలియదు. శ్రీహరి నీళ్ల సీసా ఎత్తి తాగాడు. అందులో నీళ్లు లేవు.

"ఒక మంచి పాస్‌వర్డ్ పెట్టిన," అన్నాడు. "చానా మంచిది. చాయ తాగి వచ్చేసరికి మర్చిపోయిన. నాదొక్కటే దొంగ పరీక్ష, మిగతావన్నీ నిజమే అనుకున్న. అందుకే తిట్టిన."

ఆ తర్వాత ఆఫీసు మొత్తం మధుకర్ మీద పడింది. ఇంతకుముందు ఎవరన్నా చేశారా అని అడిగితే నాకూ యాదికి లేదనే చెప్పినవు అని అంజయ్య నిలదీశాడు. ఇలాంటి తప్పు ఇంకెవరికీ చేతకాదని తనతో అన్నాడని చందు వాపోయాడు. ఇన్నాళ్లూ దాన్ని ఒక రకమైన గొప్పగా దాచుకున్నాడట. మధుకర్ దొంగతనంలో దొరికినవాడిలా తల వంచుకుని కూర్చున్నాడు.

"మరి నిజం పరీక్షలు ఎన్నున్నయ్ బావ?" అని శ్రీవాణి అడిగింది.

"ఒకటో రెండో ఉంటయి," అన్నాడు. "మీరు నాకు ఖాళీ ఎక్కడిచ్చిన్రు?"

శైలజ నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది. తోవ ఉంచండి అంది. కానీ ఒక్కరి పేరు మీద వద్దు, రెండో మనిషికి కూడా తాళంచెవులు ఇవ్వండి, పోయినవాళ్లు తమ పేరుతోనే పోవాలి అంది. రెండో తాళంచెవి శ్రీవాణికి, ఆసుపత్రి కూడా శ్రీవాణికే అన్నాడు శ్రీహరి. చాలా తొందరగా అన్నాడు. ఇంకాసేపు మాట్లాడితే ఆ పాస్‌వర్డ్ ఏమిటని ఎవరైనా అడుగుతారని ఆయన భయం.

అందరూ లేస్తుంటే శైలజ మాత్రం కదల్లేదు. లాప్‌టాప్ మూసి, దాని మీద చేతులు పెట్టుకుంది.

"మా పాత ఆఫీసులో ఇట్లాంటి తోవ లేకుండె," అంది. "నేను కూడా అదే తప్పు చేసిన. శ్రీవాణి చేసిందే. సర్వర్ చెన్నైల ఉంది. ఒక్క బటన్ నొక్కడానికి రైలెక్కి చెన్నై పోయిన. ఇంట్ల ఫ్రెండ్ పెళ్లి అని చెప్పిన. నమ్మాలని పట్టుచీర కూడా కట్టుకుని పోయిన."

చందు నవ్వబోయి అంజయ్యను చూసి ఆగిపోయాడు. మధుకర్‌కు నవ్వు రాలేదు. ఆయన మొహం ఎవరో దగ్గరి చుట్టం కష్టం విన్నట్టు అయిపోయింది.

"ఒక్కరే పోయిన్రా మేడం?"

"ఒక్కదాన్నే."

మధుకర్ తన ఫోన్ నంబరు చెప్పి రాసుకోమన్నాడు. మా సర్వర్లు వేరు కదా, మీ తోవ మాకెట్ల పనికొస్తది అంది శైలజ.

"తోవ కోసం గాదు మేడం. గంత దూరం తప్పు మనసుల పెట్టుకోని ఒక్కలే పోవుడు మంచిగుండదు. మల్ల గట్లయితె ఫోన్ చెయ్యుండ్రి. చెన్నై దాక మాట్లాడుకుంట పోవచ్చు."

శైలజ అప్పుడు నవ్వింది. వచ్చాక మొదటిసారి. నంబరు ఎక్కించుకుని ఫోన్ సంచిలో వేయబోయింది. మధుకర్ ఆగమని చెయ్యి చూపించాడు. అది కలవకపోతే అని, రెండో నంబరు కూడా చెప్పాడు.